బాల్ పైథాన్ పెంపకం: ఒక్కొక్కరు ఒక్కోలా ఎందుకు చెబుతారు?

అట్టపెట్టె మూత తీసేసరికి లోపల గుడ్డసంచి, సంచిలో బత్తాయంత ఉండ. తల ఎక్కడుందో కనిపించలేదు. మా అమ్మాయి మెల్లగా అరచేతిలోకి తీసుకుంటే ఆ ఉండ ఇంకాస్త బిగుసుకుంది. "భయపడుతోంది నాన్నా" అంది. బాల్ పైథాన్‌కు ఆ పేరు అందుకే వచ్చింది. బెదిరితే కాటేయడానికి ఎగబడదు, తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ దగ్గర. ఇక్కడ స్కూలు పిల్లలకు ఈ పాము మామూలు పెంపుడు జంతువే. పాము ఇంటికి రాకముందు రెండు నెలలు కూర్చుని చదివాను. చదివినకొద్దీ టెన్షన్ పెరిగింది. చిన్న ప్లాస్టిక్ డబ్బా చాలని ఒకరంటారు, నాలుగడుగుల పెట్టె లేకపోతే అది క్రూరత్వమే అని ఇంకొకరంటారు. లైటు అక్కర్లేదని కొందరు, తప్పనిసరని కొందరు. మూడు నెలలు తినకపోయినా ఏం కాదంటారు, రెండు వారాలు తినకపోతే డాక్టర్ దగ్గరికి పరుగెత్తమంటారు. మన దేశంలోనేమో చెన్నై ఎయిర్‌పోర్టులో సంచుల నిండా ఈ పాములే పట్టుబడ్డాయన్న వార్త వచ్చినప్పుడల్లా "అసలు పెంచుకోవచ్చా, పెంచుకోకూడదా?" అన్న ప్రశ్న లేస్తుంది.

ఈ తగవుల్లో చాలావాటికి మూలం ఒక్కటేనని నాకు మెల్లగా అర్థమైంది. మన ఒంట్లో ఉన్న పొయ్యి పాము ఒంట్లో లేదు. దాని అరుగుదల, దాని ఊపిరి, రోగాన్ని తట్టుకునే శక్తి అన్నీ చుట్టూ ఉన్న వేడి మీద ఆధారపడతాయి. కాబట్టి దాని పెట్టె మనకు ఇల్లు లాంటిది కాదు, దాని శరీరంలో సగం లాంటిది. ఇక్కడి నుంచి మొదలుపెడితే మిగతా చిక్కులు ఒక్కొక్కటే విడతాయి.

## ఇది మన కొండచిలువ కాదు

"ఇంట్లో కొండచిలువను పెంచుతున్నారా!" అని విజయవాడ నుంచి మా అమ్మ హడలిపోయింది. ఆమె భయంలో తప్పు లేదు. నల్లమల అడవిలో తిరిగే మన కొండచిలువ పది అడుగులు దాటి పెరుగుతుంది. బాల్ పైథాన్ దానికి చుట్టమే గానీ వేరే జాతి. దీని శాస్త్రీయ నామం పైథాన్ రీజియస్. బ్రిటన్‌లో రాయల్ పైథాన్ అంటారు. ఆడవి సాధారణంగా మూడున్నర నుంచి ఐదు అడుగులు, మగవి అంతకంటే చిన్నవి. విషం లేదు. ఎరను చుట్టి బిగించి చంపుతుంది.

గోధుమరంగు ఒంటి మీద నల్లటి పట్టీలు చూసి రక్తపింజర అని బెదిరే వాళ్లూ ఉన్నారు. ఫొటో పంపితే మా మేనత్త అదే అంది. రక్తపింజర వీపు మీద గొలుసులా వరసగా నడిచే మచ్చలుంటాయి, తల త్రికోణంలా ఉంటుంది. బాల్ పైథాన్ మచ్చలు క్రమం లేకుండా పరుచుకుని ఉంటాయి. మనవైపు పొలంలో ఇది కనిపించే అవకాశం లేదు కాబట్టి అక్కడ అలాంటి పామును చూస్తే మాత్రం దూరంగా ఉండాల్సిందే.

దీని సొంత ఊరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. సెనెగల్ నుంచి ఘనా, టోగో, బెనిన్, నైజీరియా మీదుగా ఉగాండా వైపు వరకు ఉంటుంది. పగలు ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పడుకుని చీకటి పడ్డాక బయటికొస్తుంది. బెనిన్‌లోని విదా పట్టణంలో ఈ పాములకు ఒక గుడే ఉంది. ఇంట్లోకి వస్తే చంపరు, తీసుకెళ్లి మళ్లీ గుడి దగ్గర వదులుతారు. నైజీరియాలో ఇగ్బో జనం ఉండే కొన్ని ఊళ్లలో పొరపాటున చనిపోతే మనిషికి చేసినట్టు దానికి అంత్యక్రియలు చేస్తారు. నాగులచవితికి పుట్ట దగ్గరికి వెళ్లే మనకు ఆ భక్తి కొత్తగా అనిపించదు.

అదే ప్రాంతం నుంచి 1975 తర్వాత ముప్పై లక్షలకు పైగా బాల్ పైథాన్లు విదేశాలకు ఎగుమతయ్యాయి. ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2021లో దీన్ని ముప్పుకు చేరువలో ఉన్న జాతిగా లెక్కగట్టింది. అందుకే ఎక్కడ పుట్టిన పిల్లను తెచ్చుకుంటున్నామన్నది చిన్న ప్రశ్న కాదు. అడవిలో పట్టినవాటికి పురుగులు, గోమార్లు ఎక్కువ, తిండికి అలవాటు పడటం కష్టం. ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకూ దానికీ చాలా తేడా.

## వేడి: రెండు చివరలు ఎందుకు?

పామును ఒకే ఉష్ణోగ్రతలో ఉంచడం దాని చేతిలోని రిమోట్‌ను లాక్కోవడం లాంటిది. తిన్నాక అరగడానికి వెచ్చని చోటికి జరుగుతుంది. అరిగాక చల్లని చోటికి పోతుంది. అందుకే పెట్టెలో ఒక చివర 32 డిగ్రీల దగ్గర, రెండో చివర 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలంటారు. ఆ రెండింటి మధ్య తేడానే అసలు సంగతి. చల్లబడితే తిన్నది అరగదు, కడుపులోనే కుళ్లిపోయి కక్కేస్తుంది.

ఇక్కడ థర్మోస్టాట్ పాత్ర గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మొదట్లో మేము ఒక దుకాణంలో హీట్ మ్యాట్ కొన్నాం. "ఇదొక్కటే చాలు" అన్నారు. పెట్టె కింద అతికించి గంట తర్వాత అద్దం మీద కొలిస్తే 46 డిగ్రీలు. నా వేలు అక్కడ ఆనలేదు. అదృష్టం, అప్పటికి పాము ఇంకా రాలేదు. పాముతో చిక్కేమిటంటే, కింద నుంచి కాలుతున్నా చాలాసార్లు అది అక్కడినుంచి జరగదు. అడవిలో దానికి వేడి పైనుంచి, ఎండ నుంచి వస్తుంది. పొట్ట కింద నిప్పు అనేది దాని అనుభవంలోనే లేదు. పొట్ట పొలుసులు కమిలిపోయిన పాములు డాక్టర్ల దగ్గరికి తరచూ వచ్చేది ఇందుకే. థర్మోస్టాట్ చేసే పని చిన్నదే. సెన్సర్ దగ్గర వేడి పెట్టిన హద్దు దాటగానే కరెంటు ఆపుతుంది. హీటర్ కంటే ఇదే ముఖ్యమని నా అభిప్రాయం.

వేడి కింద నుంచి ఇవ్వాలా, పైనుంచి ఇవ్వాలా అన్నది ఇంకో వాదన. మ్యాట్ తాకిన చోటే వెచ్చబడుతుంది, గాలి వెచ్చబడదు. పైనుంచి వచ్చే హాలోజన్ దీపం గానీ సిరామిక్ హీటర్ గానీ గాలినీ నేలనూ కలిపి వేడిచేస్తుంది, కానీ తేమను పీల్చేస్తుంది. చాలామంది ఇప్పుడు పైవేడి వైపే మొగ్గుతున్నారు. అతినీలలోహిత కాంతి సంగతీ అలాంటిదే. ఎలుకను మొత్తంగా మింగే పాముకు డి విటమిన్ తిండిలోనే దొరుకుతుంది, ఆ దీపం లేకుండానే తరాల తరబడి బతికాయి. తక్కువ మోతాదులో పెడితే మేలు అనేవాళ్లు, బతకడం వేరు, బాగా బతకడం వేరు అంటారు. నాకు రెండో మాటే సబబుగా తోచింది, అయితే దీపం వెలుగు పడని చాటు కూడా ఉండాలి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు లెక్క తిరగబడుతుంది. మే నెలలో గది 38 డిగ్రీలుంటే పెట్టెలో చల్లని చివర అనేదే ఉండదు. అప్పుడు హీటర్ సమస్య కాదు, పాముకు పారిపోయే చోటు లేకపోవడం సమస్య. పెట్టె మొత్తం చాలాసేపు 35 దాటి ఉంటే ప్రమాదమే.

## తేమ: నీళ్లు చల్లినా ఎందుకు నిలవదు?

బాల్ పైథాన్‌కు గాలిలో తేమ 60, 70 శాతం ఉండాలంటారు. మొదటి చలికాలంలో మేం రోజుకు మూడుసార్లు నీళ్లు చల్లేవాళ్లం. అయినా మీటరు 30 దగ్గరే ఉండేది. ఎందుకో లెక్క వేస్తే తెలిసింది.

గాలి వెచ్చబడితే అది పట్టుకోగల తేమ పెరుగుతుంది. 20 డిగ్రీల గదిలో తేమ 40 శాతం అనుకుందాం. అదే గాలి పెట్టెలోకి వెళ్లి 32 డిగ్రీలకు వేడెక్కితే, అందులో నీరు ఒక్క చుక్క తగ్గకపోయినా, తేమ 20 శాతానికి పడిపోతుంది. పైన జాలి మూత ఉంటే ఆ వేడిగాలి పైకి పోతూ, గదిలోని పొడిగాలి లోపలికి వస్తూనే ఉంటుంది. మనం చల్లిన నీళ్లు అరగంటలో మాయం. జాలి మూతను ముప్పావు వంతు మూసి, అడుగున కొబ్బరి పొట్టును మూడు నాలుగు అంగుళాల మందాన పరిచి తడపగానే మా మీటరు 65 చూపించింది. తడి పైన కాదు, అడుగున ఉండాలి. పైపొర తడిగా ఉంటే పొట్ట పొలుసులు పుళ్లు పడతాయి. దేవదారు పొట్టు మాత్రం ఎవరూ వేయరు, అందులోని నూనెలు పాములకు విషం.

తేమ తక్కువైతే మొదట తెలిసేది కుబుసం దగ్గర. కుబుసం విడిచే ముందు పాము కళ్లు పాలచాయలోకి, కాస్త నీలంగా మారతాయి. రంగు వెలిసినట్టవుతుంది. నాలుగైదు రోజుల్లో కళ్లు మళ్లీ తేటపడతాయి, ఆ తర్వాత కుబుసం. తేమ సరిపోతే మేజోడు విప్పినట్టు ముక్కు నుంచి తోక దాకా ఒకే ముక్కగా వచ్చేస్తుంది. మా అమ్మాయి దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తుంది. తల దగ్గర రెండు గుండ్రటి అద్దపు ముక్కలుంటాయి. పాముకు కనురెప్పలు లేవు, కంటి మీదున్న పారదర్శకమైన పొలుసు కూడా కుబుసంతోపాటే ఊడుతుంది. అవి రెండూ కుబుసంలో కనిపించకపోతే కంటి మీదే అతుక్కుని ఉన్నట్టు. గిల్లి తీయబోతే కన్నే పోతుంది. తేమ పెంచితే చాలావరకు తర్వాతి కుబుసంతో అవే పోతాయి.

## డబ్బా చాలా, పెద్ద పెట్టె కావాలా?

వందల పాములు పెంచే బ్రీడర్లు అరల్లో ప్లాస్టిక్ డబ్బాలు పెడతారు. బాల్ పైథాన్ ఇరుకు బొరియలో ఉండే జీవి, పెద్ద చోటులో బెదిరిపోయి తిండి మానేస్తుంది, డబ్బాలో చక్కగా తింటుంది, గుడ్లు పెడుతుంది అన్నది వాళ్ల వాదన. ఇది గాలిమాట కాదు, వాళ్ల చేతి అనుభవం.

అవతలి వాదన ఏమిటంటే, బొరియ దాని పడకగది, అదే దాని ప్రపంచం కాదు. ఇటలీ పరిశోధకులు 1998లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆగ్నేయ నైజీరియా వర్షారణ్యాల్లో ఈ పాముల తిండిని పరిశీలించారు. మగవి, చిన్నవి ఎక్కువగా పక్షులను తిన్నాయి, పెద్దవి ఎలుకల లాంటి జంతువులను తిన్నాయి. పక్షి కావాలంటే చెట్టెక్కాలి కదా. అంటే నేల మీద కదలకుండా పడి ఉండే జీవి అనే బొమ్మ పూర్తిగా నిజం కాదు.

ఒక లెక్క చూద్దాం. నాలుగడుగుల ఆడపాము, అంటే 48 అంగుళాలు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న డబ్బాలో ఐమూలగా కొలిస్తే 40 అంగుళాలే. ఆ పాము జీవితాంతం ఒక్కసారి కూడా తిన్నగా ఒళ్లు చాచలేదు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అన్న కొలత ఈమధ్య తరచూ వినిపించేది అందుకే.

మరి పెద్ద పెట్టెలో బెదిరిపోతుందన్న మాటో? అది పెట్టె సైజు వల్ల కాదు, ఖాళీ వల్ల. మేమూ అది చూశాం. కొత్త పెట్టెలో ఒక గుహ, ఒక నీళ్లగిన్నె పెట్టి వదిలితే మూడు వారాలు గుహలోనుంచి తల బయట పెట్టలేదు. తర్వాత వెచ్చని చివర ఒకటి, చల్లని చివర ఒకటి, ఒళ్లు మూడువైపులా ఆనేంత ఇరుకు గుహలు పెట్టాం. మధ్యలో బెరడు ముక్కలు, ప్లాస్టిక్ ఆకులు, అడ్డంగా ఒక కొమ్మ. రెండో రాత్రి పదకొండింటికి ఆ కొమ్మ మీద ఉంది. గుహ ఒక్కటే ఉన్నప్పుడు వెచ్చదనమా, చాటా అన్నది పాము తేల్చుకోవాల్సి వస్తుంది. ఎప్పుడూ చాటునే ఎంచుకుంటుంది, చలికి అరక్క జబ్బు పడుతుంది. బ్రీడర్లు చెప్పే భద్రత, అవతలివాళ్లు అడిగే చోటు ఒకే పెట్టెలో ఇమిడేవే.

## తినకపోతే జబ్బేనా?

పాముకు పాలు పోయడం మన ఆచారం గానీ పాలు దానికి అరగవు. నీళ్లే తాగుతుంది, తాగేటప్పుడు దవడలు మెల్లగా ఆడటం కనిపిస్తుంది. తిండి ఎలుకలే, దీనికి శాకాహారం లేదు. తులసికోట ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. మేం గ్యారేజీలో విడిగా చిన్న ఫ్రీజర్ పెట్టుకున్నాం. పామును తెచ్చుకునే ముందు ఇంట్లో తేలాల్సిన మొదటి మాట ఇదే అనుకుంటాను.

బతికున్న ఎలుకను వేయాలా, చంపి గడ్డకట్టించినదా అన్న చర్చలో నాకు తెలిసిన డాక్టర్లంతా రెండోవైపే. మూలకు చిక్కిన ఎలుక పామును కొరుకుతుంది, పాముకు ఆకలి లేకపోతే ఎలుకే తిరగబడి పాము వీపు తినేసిన సందర్భాలున్నాయి. కదిలితేనే వేటాడుతుందని, కొన్ని పాములు చచ్చినదాన్ని ముట్టనే ముట్టవని మొదటివైపు వాళ్లంటారు. దాని పెదవుల మీద వేడిని పసిగట్టే చిన్న గుంటలుంటాయి. కరిగించిన ఎలుకను వేడినీళ్లలో ఉంచి ఒంటి వేడికి తెస్తే, ఆ గుంటలకు అది బతికున్న ఎలుకలాగే తెలుస్తుంది. చాలా పాముల మొండితనం అక్కడితో తీరిపోతుంది.

పిల్లకు వారానికోసారి, దాని బరువులో పదోవంతు కంటే కాస్త ఎక్కువ ఉండే ఎలుక. ఎదిగిన పాము ఒకటిన్నర కిలో ఉంటే 75 గ్రాముల ఎలుక మూడు నాలుగు వారాలకు ఒకటి చాలు. ఎక్కువ పెడితే కొవ్వు పడుతుంది.

ఇక ఉపవాసం. బాల్ పైథాన్ దీనికి పేరుమోసింది. ముఖ్యంగా చలికాలంలో, జతకట్టే కాలంలో మగవి నెలల తరబడి తినవు. మాది రెండో ఏడు నవంబరులో మానేసింది. డిసెంబరు అయింది, జనవరి అయింది. ఆ దిగులు ఎలా ఉంటుందో చెప్పలేను. అప్పుడు ధైర్యం చెప్పింది వంటింటి త్రాసు లాంటి ఒక త్రాసు. మానేసిననాడు 1,180 గ్రాములు. ఫిబ్రవరి చివర 1,125. అంటే తగ్గింది ఐదు శాతం లోపు. ఏ కారణమూ లేకుండా పది శాతం, అంటే మా పాముకు 1,062 కిందికి, తగ్గితే ఆలోచించాలని డాక్టర్ చెప్పారు. "రెండు వారాలా, మూడు నెలలా" అన్న తగవులో ఇద్దరూ తప్పే కొలుస్తున్నారు. చూడాల్సింది రోజులు కాదు, బరువు. మార్చి మొదటి వారంలో తనంతట తనే తింది.

తినకపోవడంతోపాటు నోటి దగ్గర నురగ, ఊపిరి తీస్తుంటే ఈల లాంటి చప్పుడు, నోరు తెరిచి తల పైకెత్తి ఉండటం కనిపిస్తే అది వేరే కథ. ఊపిరితిత్తుల జబ్బు. చలి, మురికి తడి వల్ల రావచ్చు, వైరస్ వల్లా రావచ్చు. నిడోవైరస్‌ను బాల్ పైథాన్లలో 2014లో గుర్తించారు. దానికి మందు లేదు, ఒకదాని నుంచి ఒకదానికి అంటుతుంది. కొత్త పామును పాతవాటికి దూరంగా మూడు నెలలు ఉంచడం వెనకున్న భయం ఇదే.

మనుషులకు అంటేది సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా. ఆరోగ్యంగా ఉన్న పాము ఒంటి మీదా ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలు, అరవై అయిదు దాటినవాళ్లు ఉన్న ఇంట్లో సరీసృపాలు వద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెబుతుంది. అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండి వెళ్లే మన ఇళ్లకు ఇది సూటిగా తగిలే మాట. మా ఇంట్లో పాము గిన్నె వంటింటి సింక్ దగ్గరికి రాదు.

## రంగుల వెనక లెక్క

అల్బినో, పైబాల్డ్, పాస్టెల్ అంటూ వందల రంగులు అమ్ముతారు. వీటిని మార్ఫ్‌లంటారు. జాతి ఒకటే, జన్యువులో తేడా. అల్బినో రంగు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులు అందాలి. ఒక్క ప్రతే ఉన్న పాము మామూలుగానే కనిపిస్తుంది, దాన్ని "హెట్" అంటారు. రెండు హెట్‌లను జతకడితే ప్రతి గుడ్డుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఆరు గుడ్లు పెడితే ఒకటో రెండో వస్తాయని ఆశ పడతారు. కానీ ఒక్కటీ రాకపోయే అవకాశం కూడా దాదాపు 18 శాతం.

"స్పైడర్" మార్ఫ్ దగ్గర మాత్రం విషయం రంగుతో ఆగదు. సాలెగూడు లాంటి గీతలు తెచ్చే జన్యువే లోపలి చెవి నిర్మాణాన్నీ దెబ్బతీస్తుంది. తల వణుకుతుంది, కొన్నిటికి ఎరను గురిపెట్టడం కష్టం, కొన్ని తలకిందులుగా మెలితిరుగుతాయి. బాగానే తింటాయి, ఏళ్లపాటు బతుకుతాయి అని పెంచేవాళ్లంటారు. బ్రిటన్‌లో ఇంటర్నేషనల్ హెర్పెటలాజికల్ సొసైటీ తన ప్రదర్శనల్లో వీటి అమ్మకం ఆపేసింది. అందం కోసం పుట్టించి వణుకును దానికి మిగల్చడం నాకు మనసొప్పలేదు.

## ఇండియాలో పెంచుకోవచ్చా?

ఇక్కడ రెండు చట్టపు గదులున్నాయి, జనం వాటిని కలిపేస్తున్నారు. మన కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని ఇంట్లో ఉంచుకోవడం జైలుశిక్ష పడే నేరం. నాగుపాము, జెర్రిపోతు కూడా రక్షిత జీవులే. బాల్ పైథాన్ మన నేల జీవి కాదు కాబట్టి ఆ గదిలో లేదు.

అలాగని స్వేచ్ఛ కూడా లేదు. అంతరిస్తున్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో ఇది ఉంది. 2022 సవరణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి, అలాంటి విదేశీ జాతులను నాలుగో షెడ్యూల్‌లోకి తెచ్చింది. 2024 ఫిబ్రవరి 28న నియమాలొచ్చాయి. అప్పటికే ఉన్నవాళ్లకు ఆరు నెలల గడువు, ఆ తర్వాత తెచ్చుకున్నవాళ్లకు ముప్పై రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు. పాము చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా చెప్పాలి.

అంతకుముందు 2020 జూన్‌లో కేంద్రం ఒక అవకాశం ఇచ్చింది. ఆరు నెలల్లోపు స్వచ్ఛందంగా ప్రకటిస్తే పత్రాలు అడగబోమని చెప్పింది. "పేపర్లు ఉన్నాయి" అన్న మాటకు మూలాల్లో అదొకటి. నమోదు అంటే నా దగ్గర ఉందని చెప్పడం. అది దేశంలోకి చట్టప్రకారం వచ్చిందని రుజువు వేరే. హైదరాబాద్‌లో ఎవరైనా ఒక పిల్లను అమ్మజూపారనుకుందాం. అది ఇక్కడే పుట్టి ఉంటే దాని తల్లిదండ్రులు, దాని పుట్టుక నమోదై ఉండాలి. బయటినుంచి వచ్చి ఉంటే దిగుమతి లైసెన్స్, పంపిన దేశం ఇచ్చిన సైటీస్ పర్మిట్ ఉండాలి. రెండూ లేకపోతే మిగిలే దారి సామానులో దాచి తేవడమే. 2023 జనవరిలో బ్యాంకాక్ నుంచి చెన్నై వచ్చిన బ్యాగుల్లో 45 బాల్ పైథాన్లు దొరికాయి. అదే ఏడాది డిసెంబరులో ముంబైలో బిస్కెట్, కేకు ప్యాకెట్లలో తొమ్మిది. నీళ్లు, వేడి, చాటు ఏవీ లేని ప్రయాణం అది. వన్యప్రాణి కార్యకర్తలు ఈ వ్యాపారమే ఆగాలంటారు. పెంపకందారులు, పూర్తిగా మూసేస్తే దొంగదారే పెరుగుతుంది, నమోదును సులువు చేయండి అంటారు.

అమెరికాలోనూ అంతటా ఒకే రూలు లేదు. హవాయిలో ఏ పామునూ పెంచకూడదు. చాలా అపార్ట్‌మెంట్ల అద్దె ఒప్పందాల్లో పాము నిషేధమని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఒక లెక్క మిగిలింది. బాగా చూసుకుంటే ఈ పాము ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. సెయింట్ లూయిస్ జూలో ఒక ఆడపాము 2020లో, అరవై ఏళ్లు దాటాక, పదిహేనేళ్లకు పైగా మగపాము తోడు లేకుండానే ఏడు గుడ్లు పెట్టింది. మా అమ్మాయికి ఇప్పుడు పదమూడు. అయిదేళ్లలో కాలేజీ, హాస్టల్. పాముకు అప్పటికి ఏడేళ్లే. "నేను వచ్చేదాకా చూసుకుంటావా నాన్నా?" అని మొన్న అడిగింది. త్రాసు ఎలా వాడాలో నాకు నేర్పుతోంది.